నెల్లూరు, ప్రకాశం సైకిల్ టూర్లలో ఎలక్ట్రిక్ సైకిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు దగ్గర కొత్తపట్నం తీరంలో బయల్దేరి, సింగరాయకొండ, కావలి, అల్లూరు మీదుగా నెల్లూరు చేరి, అక్కణ్నుంచి పెన్న వెంట పడమటికి తిరిగి సోమశిల దాకా వెళ్తుంది మా సైకిల్ టూర్. ముందొక గైడు, వెనకొక గైడు, సామాన్లకి ఒక టాటా ఏస్ బండి ఉంటాయి. ఈ టూర్‌కి ఎలక్ట్రిక్ సైకిల్ మీద వద్దామనుకునేవాళ్లు ఫోన్ చేసి ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ పెట్టాం. అన్నీ చదివే తీరిక లేకపోతే బ్యాటరీ, ఎదురుగాలి, చార్జింగ్ గురించి రాసినవైనా చదివి రండి. దారిలో ఇబ్బంది పడేవాళ్లలో ఎక్కువమందికి తేడా వచ్చేది ఆ మూడింటి దగ్గరే.

ఎలక్ట్రిక్ సైకిల్ అంటే స్కూటర్‌లాగా కూర్చుంటే పోతుందా, తొక్కాలా?

తొక్కాలి. మీరు తొక్కినప్పుడు మోటారు తన వంతు బలం కలుపుతుంది, తొక్కడం ఆపితే అదీ ఆగుతుంది. ఎంత బలం కలపాలో హ్యాండిల్ మీదున్న బటన్లతో ఎంచుకోవచ్చు. చాలా సైకిళ్లలో మూడు నుంచి ఐదు అసిస్ట్ లెవల్స్ ఉంటాయి. వేగం గంటకు 25 కిలోమీటర్లు చేరగానే మోటారు సాయం ఆగిపోతుంది, ఆపైన పోయేదంతా మీ కాళ్ల బలమే.

మన దగ్గర అమ్మే సైకిళ్లలో చాలావాటికి థ్రాటిల్ కూడా ఉంటుంది. దాన్ని తిప్పితే తొక్కకుండానే బండి కదులుతుంది. టూర్‌లో మాత్రం దాన్ని ఎత్తు మీద ఆగిన సైకిల్‌ని కదిలించడానికీ, కాలు పట్టేసినప్పుడు కాస్త దూరం పోవడానికీ తప్ప వాడొద్దంటాం. కారణం బ్యాటరీ. లెక్క కింద చెప్పాం.

ఇంకో సంగతి. తక్కువ ధర సైకిళ్లలో పెడల్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే చూసే సెన్సర్ ఉంటుంది. మీరు మెల్లగా తిప్పినా, గట్టిగా తొక్కినా అది ఒకేలా తోస్తుంది, ఆపినా ఓ క్షణం ఆలస్యంగా ఆగుతుంది. కాస్త ఖరీదైన వాటిలో మీరు ఎంత బలంగా తొక్కుతున్నారో కొలిచే టార్క్ సెన్సర్ ఉంటుంది. దాని మీద పోతుంటే మోటారు ఉన్నట్టే తెలియదు, మీ కాళ్లలోకే కొత్త బలం వచ్చినట్టు అనిపిస్తుంది. రోజుకి అయిదారు గంటల చొప్పున నాలుగైదు రోజులు తొక్కాల్సినప్పుడు ఈ తేడా చిన్నది కాదు. అద్దెకిచ్చే సైకిళ్లు టార్క్ సెన్సర్‌వే ఉండాలని మేం పట్టుబట్టింది అందుకే.

మోటారు పెట్టుకుని వస్తే మామూలు సైకిల్‌వాళ్లు చిన్నచూపు చూడరా?

మొదటిరోజు పొద్దున ఒకరిద్దరు అదోలా చూస్తారు, నిజమే. మధ్యాహ్నం ఎదురుగాలి మొదలయ్యాక ఆ చూపు పోతుంది.

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. పదిమంది కలిసి వెళ్లే టూర్‌లో పది రకాల బలాలుంటాయి. అందరికంటే నీరసంగా ఉన్న మనిషి వేగమే గుంపు వేగం. వెనకబడ్డ మనిషికి అందరూ తన కోసం ఆగారన్న బెంగ, ముందున్నవాళ్లకి ఆగి ఆగి ఒళ్లు చల్లారిపోయిందన్న విసుగు. ఆ వెనకబడే మనిషి కింద ఎలక్ట్రిక్ సైకిల్ ఉంటే ఈ రెండూ ఉండవు. చెరువు గట్టు మీద ఆగినప్పుడు అందరూ ఒకేసారి ఆగుతారు, టీ కొట్టు దగ్గర అందరూ కలిసే తాగుతారు. మేం ఎలక్ట్రిక్ సైకిళ్లని టూర్లలోకి ఇష్టపడి రానిస్తున్నది ఇందుకే. గుంపు గుంపుగా ఉండటం కంటే మాకు కావాల్సింది లేదు.

మా ఆయన రోజూ ముప్పై కిలోమీటర్లు తొక్కుతారు. నాకు అలవాటు లేదు. ఇద్దరం ఒకే టూర్‌కి రావచ్చా?

తప్పకుండా రండి. ఇలాంటి జంటల కోసమే ఎలక్ట్రిక్ సైకిల్ పుట్టిందా అనిపిస్తుంది. ఆయన మామూలు సైకిల్, మీరు ఎలక్ట్రిక్ సైకిల్. ఒక్క షరతు మాత్రం ఉంది. మోటారు కాళ్లకి సాయం చేస్తుంది కానీ సీటుకీ, అరచేతులకీ, మెడకీ చెయ్యదు. నాలుగు గంటలు సీటు మీద కూర్చోవడం ఒంటికి అలవాటు కావాలి. బయల్దేరడానికి ఓ నెల ముందునుంచి వారానికి మూడుసార్లు, గంట తగ్గకుండా ఏ సైకిలైనా తొక్కండి. మామూలు సైకిలైనా పర్వాలేదు.

మా నాన్నగారికి అరవై దాటాయి. మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్నాయి. తీసుకురావచ్చా?

డాక్టరు సరేనంటే తీసుకురండి. గుండెకి స్టెంటు వేయించుకున్నవాళ్లు, షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం డాక్టరుగారితో మాట్లాడాకే పేరివ్వాలి.

మోకాళ్ల విషయానికొస్తే, నొప్పి పెంచేది దూరం కాదు, బరువు గేరులో బలవంతంగా తొక్కడం. సీటు తగినంత ఎత్తు పెట్టుకుని (పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి), తేలిక గేరు వేసుకుని, కాళ్లు చకచకా తిరిగేలా తొక్కితే మోకాలి మీద భారం చాలావరకు తగ్గుతుంది. ఆగి మళ్లీ బయల్దేరేటప్పుడు, వంతెనల ఎత్తులు ఎక్కేటప్పుడు అసిస్ట్ పెంచుకోమని చెప్పండి. పెద్దవాళ్లు చేసే పని ఒకటి చూస్తుంటాం: బ్యాటరీ అయిపోతుందేమోనని పొదుపు చేసి, మోటారు కట్టేసి, పాతిక కిలోల సైకిల్‌ని కాళ్లతోనే లాక్కొస్తారు. ఆ పొదుపు వద్దు, వాళ్ల బ్యాటరీ సంగతి మేం చూసుకుంటాం.

ఎండ సంగతి వేరు. మోటారు ఉందని ఎండ తగ్గదు. పైగా ఆయాసం రాదు కాబట్టి దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. దాహం వేసినా వెయ్యకపోయినా అరగంటకోసారి నీళ్లు తాగించండి.

లైసెన్సు, రిజిస్ట్రేషన్ కావాలా?

అక్కర్లేదు. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించని బండిని కేంద్ర మోటారు వాహనాల నియమాలు మోటారు వాహనంగా చూడవు. కొందరు స్పీడ్ లిమిట్ తీసేయించి నలభైలో పోయేలా చేయించుకుంటారు. అలాంటి సైకిల్ ఈ మినహాయింపులోకి రాదు, మా టూర్‌లోకీ రాదు. హెల్మెట్ మాత్రం అందరికీ తప్పనిసరి.

ఒక్క చార్జింగ్‌తో ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?

కంపెనీ డబ్బా మీద రాసిన దూరాన్ని నమ్ముకుని బయల్దేరకండి. అది చదునైన రోడ్డు, గాలి లేని రోజు, తేలికపాటి మనిషి, అన్నిటికంటే తక్కువ అసిస్ట్ అనుకుని చెప్పిన దూరం.

లెక్క మీరే వేసుకోవచ్చు. బ్యాటరీ మీద వోల్టులు, ఆంపియర్-అవర్లు (ఏహెచ్) రాసి ఉంటాయి. రెండిటినీ గుణించండి. 36 వోల్టులు, 10 ఏహెచ్ అయితే 360 వాట్-అవర్లు, అంటే ఆ బ్యాటరీలో పట్టే మొత్తం శక్తి. డెబ్భై కిలోల మనిషి తక్కువ అసిస్ట్‌లో తానూ తొక్కుతూ పోతే కిలోమీటరుకి ఆరు నుంచి ఎనిమిది వాట్-అవర్లు ఖర్చవుతాయి. మధ్య లెవల్లో తొమ్మిది నుంచి పన్నెండు. తొక్కకుండా థ్రాటిల్ మీదే పోతే పదిహేను దాటుతుంది. అంటే అదే బ్యాటరీ ఒకరికి యాభై కిలోమీటర్లు వస్తుంది, ఇంకొకరికి పాతిక కూడా రాదు.

మన టూర్‌లో రోజుకి 45 నుంచి 60 కిలోమీటర్లు. కాబట్టి 36 వోల్టుల, 10 ఏహెచ్ బ్యాటరీతో జాగ్రత్తగా తొక్కేవాళ్లకి రోజు గడుస్తుంది, మధ్యాహ్నం భోజనం దగ్గర ఓ గంటన్నర చార్జింగ్ పెడితే నిశ్చింతగా గడుస్తుంది. కొన్ని సైకిళ్లకి అయిదారు ఏహెచ్ బ్యాటరీయే వస్తుంది. ఊళ్లో ఆఫీసుకి పోవడానికి అది చాలు, టూర్‌కి చాలదు. అలాంటి సైకిల్ మీద వచ్చేవాళ్లు రెండో బ్యాటరీ తెచ్చుకోవాలి.

టైర్లలో గాలి తక్కువుంటే ఈ లెక్కలన్నీ తప్పుతాయి. రోజూ పొద్దున పంపు పట్టుకుని చూసుకోవాల్సిందే.

ఇక్కడ కొండలే లేవు కదా, మోటారు ఎందుకు?

ఈ తీరంలో కొండ పని గాలి చేస్తుంది. కొండ ఎక్కితే దిగడం ఉంటుంది, ఎదురుగాలికి దిగడం లేదు. అల్లూరు నుంచి మైపాడు వైపు పోయే దారులు చూసినవాళ్లకి తెలుస్తుంది: రెండు పక్కలా రొయ్యల గుంటలు, అక్కడక్కడా సరుగుడు తోటలు, దూరంగా బకింగ్‌హామ్ కాలువ. గాలికి అడ్డం ఏమీ ఉండదు.

గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతుండగా 15 కిలోమీటర్ల గాలి ఎదురొచ్చిందనుకోండి. మీకు తగిలే గాలి వేగం 35. గాలి అడ్డుకునే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అది గాలి లేనప్పటికంటే మూడు రెట్లవుతుంది. మామూలు సైకిల్‌వాళ్లు అప్పుడు వేగం తగ్గించుకుని పన్నెండులోనో పదమూడులోనో పోతారు, ఒళ్లే ఆ పని చేయిస్తుంది. ఎలక్ట్రిక్ సైకిల్ మీదున్నవాళ్లు అసిస్ట్ పెంచి అదే ఇరవైలో పోతారు. కష్టం తెలియదు, బ్యాటరీ మాత్రం కళ్లముందే దిగిపోతుంది. ఎదురుగాలిలో మీరూ వేగం తగ్గించండి. అసిస్ట్ ఒక మెట్టు పెంచి, వేగం పదిహేనుకి తగ్గించుకోవడం మంచి పద్ధతి.

కొండలతో పోల్చి చూడండి. మనిషి, సైకిల్ కలిపి వంద కిలోలు ఉంటే, వంద మీటర్ల ఎత్తు పూర్తిగా మోటారు బలంతోనే ఎక్కినా ఖర్చయ్యేది 35, 40 వాట్-అవర్లు. 360లో అది పదో వంతు. తీరం వెంట ఒక మధ్యాహ్నపు ఎదురుగాలి అంతకంటే ఎక్కువ తినేస్తుంది.

టూర్‌ని ఒంగోలు నుంచి నెల్లూరు వైపు నడపడానికి కూడా కారణం ఇదే. డిసెంబరు, జనవరి నెలల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, దక్షిణానికి పోయేవాళ్లకి అది వెనకనుంచో, ఎడమ పక్కనుంచో తగులుతుంది. అదే దారి తిరగేసి నెల్లూరు నుంచి ఒంగోలుకి వస్తే రోజంతా గాలితో కుస్తీయే. పొద్దున గాలి పల్చగా ఉంటుంది, పది దాటాక సముద్రం వైపునుంచి లేస్తుంది. అందుకే తెల్లవారకముందే లేపుతాం. నెల్లూరు దాటాక పడమటికి తిరిగి జొన్నవాడ, సంగం బ్యారేజీ, ఆత్మకూరు మీదుగా సోమశిల వెళ్లేటప్పుడు ఆ మధ్యాహ్నపు గాలే వెనకనుంచి తోస్తుంది. ఆ రోజు మాత్రం నిదానంగా బయల్దేరినా నష్టం లేదు.

ఏ నెలల్లో రావాలి?

డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా.

అక్టోబరు, నవంబరు మనకి వద్దే వద్దు. నెల్లూరుకి ఎక్కువ వాన పడేది నైరుతిలో కాదు, ఈశాన్య రుతుపవనాల్లో. తుపాన్లూ అప్పుడే. 2021 నవంబరులో పెన్న వరదకి నెల్లూరు దగ్గర హైవే, రైలు మార్గం రెండూ దెబ్బతిన్నాయి. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు మొదటి వారంలో వచ్చింది. మార్చి నుంచి ఎండ ముదురుతుంది. మేలో ఇక్కడ నలభై దాటడం మామూలే, అప్పుడు మనిషికీ మంచిది కాదు, బ్యాటరీకీ మంచిది కాదు.

దారిలో బ్యాటరీ అయిపోతే?

అది మామూలు సైకిల్ అవుతుంది, కాకపోతే బరువైన సైకిల్. తొక్కుకుంటూ పోవచ్చు. వెనక వచ్చే బండిలో మేం ఇచ్చే సైకిళ్లకి సరిపోయే స్పేర్ బ్యాటరీలు ఉంటాయి, రెండు నిమిషాల్లో మార్చేస్తారు. మీ సొంత సైకిల్ అయితే మా బ్యాటరీ పట్టదు. ఒక కంపెనీ బ్యాటరీ, లాక్, పిన్ను ఇంకో కంపెనీకి సరిపోవు. అప్పుడు మిగిలేవి రెండు దారులు: మెల్లగా తొక్కడం, బండెక్కడం. బండెక్కడం నామోషీ ఏమీ కాదు.

సగం దూరం రాకముందే సగం బ్యాటరీ అయిపోతే వెంటనే గైడుకి చెప్పండి. చివరి గీత దాకా చూసి చెప్పేకంటే అప్పుడు చెబితే సర్దుబాటు చెయ్యడం తేలిక.

రాత్రి చార్జింగ్ ఎక్కడ పెడతారు? లాడ్జిల్లో ఒప్పుకుంటారా?

ముందే మాట్లాడి పెట్టిన చోట్లే దిగుతాం కాబట్టి ఆ ఇబ్బంది లేదు. మామూలు 5 ఆంప్స్ ప్లగ్గు చాలు. 2 ఆంప్స్ చార్జరు గోడనుంచి లాగేది వంద వాట్ల లోపే, సీలింగ్ ఫ్యాను కంటే కాస్త ఎక్కువ. 10 ఏహెచ్ బ్యాటరీ ఖాళీనుంచి నిండటానికి అయిదారు గంటలు పడుతుంది, అరయూనిట్ కరెంటు కాలుతుంది. లాడ్జివాళ్లకి ఈ మాట చెప్తే ఇంకేం అనరు. వాళ్లు భయపడేది బిల్లుకి కాదు, మంటకి. ఆ భయం సబబైనదే, మేమూ దాన్ని తేలిగ్గా తీసుకోం.

అందుకని కొన్ని కట్టుబాట్లున్నాయి. గదిలో మంచం పక్కన, పరుపు మీద, తలుపుకి అడ్డంగా చార్జింగ్ పెట్టకూడదు. బ్యాటరీలన్నీ వరండాలోనో, మెట్ల కింద గచ్చు మీదో ఒకచోట విడివిడిగా పెడతాం. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పది చార్జర్లు తగిలించం, రెండు మూడు లైన్లకి పంచుతాం. ఎండలోంచి వచ్చిన బ్యాటరీని వెంటనే పెట్టం. చెయ్యి వేసి చూస్తే వెచ్చగా లేదనిపించేదాకా, కనీసం అరగంట, నీడలో ఉంచుతాం. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చెయ్యడం దానికి హాని. ఎవరి బ్యాటరీకి వాళ్ల చార్జరే వాడాలి. పిన్ను పట్టింది కదా అని వేరేవాళ్ల చార్జరు పెడితే వోల్టేజీ తేడాకి ప్రమాదం జరుగుతుంది. పడిపోయి సొట్టపడ్డ బ్యాటరీ, ఉబ్బిన బ్యాటరీ, నీళ్లలో మునిగిన బ్యాటరీ ఎవరిదైనా సరే చార్జింగ్‌కి రానివ్వం. ఈ ఒక్క విషయంలో బతిమాలినా వినం.

రాత్రి పదికల్లా ఒక గైడు అన్నీ చూసి, నిండినవి తీసేసి పడుకుంటాడు. కరెంటు పోతే మళ్లీ వచ్చాక చార్జింగ్ దానంతటదే మొదలవుతుంది. రాత్రి మరీ ఎక్కువసేపు పోతే మాత్రం పొద్దున్నే స్పేర్ బ్యాటరీలు ఇస్తాం.

వానలో తడిస్తే షాక్ కొడుతుందా? సముద్రం దగ్గర ఇసుకలో నడపొచ్చా?

షాక్ కొట్టదు. జల్లు వానకి ఏమీ కాదు. చప్టా మీద నీళ్లు పారుతుంటే మాత్రం దిగి చూడండి. చక్రం మధ్యలో ఉన్న మోటారు మునిగేంత లోతుంటే సైకిల్ ఎత్తుకుని దాటాలి, లేదంటే బండి ఎక్కించాలి.

సముద్రం సంగతి వేరు. కొత్తపట్నంలో గానీ మైపాడులో గానీ అలల అంచున సైకిల్ నడిపి ఫొటో దిగాలని అందరికీ సరదా. ఆ ఉప్పునీళ్లు చైనునీ, బేరింగులనీ, కనెక్టర్లలోని రాగి పిన్నులనీ తినేస్తాయి, మర్నాటికే తుప్పు రంగు కనిపిస్తుంది. సైకిల్ని రోడ్డు మీద పెట్టి కాళ్లతో నడిచి వెళ్లండి. తీరం వెంట సాగే రోజుల్లో సాయంత్రం బకెట్ నీళ్లతో, తడిగుడ్డతో తుడిచి, ఆరాక చైనుకి ఆయిల్ వెయ్యాలి. దారిలో మోటార్ సైకిళ్లకి వాటర్ సర్వీసింగ్ చేసే షాపులు కనిపిస్తాయి. ఆ ప్రెషర్ పైపు కింద మాత్రం ఎలక్ట్రిక్ సైకిల్ పెట్టకండి, సీళ్లు దాటి నీళ్లు మోటారులోకి పోతాయి.

పంక్చర్ పడితే ఊళ్లో షాపువాళ్లు వెయ్యగలరా?

వేస్తారు. కానీ వెనక చక్రంలో మోటారు ఉందని చూసి చాలామంది వెనకాడతారు. అసలు చాలా పంక్చర్లకి చక్రం ఊడదీయాల్సిన పనే లేదు.

ఇక్కడ పంక్చర్ అంటే తొంభై పాళ్లు సర్కారు తుమ్మ ముల్లే. కాలువ గట్ల మీద, చెరువు కట్టల మీద ఆ కంప కొట్టి పడేసి ఉంటుంది. సైకిల్ని కుడి పక్క పైకి వచ్చేలా పడుకోబెట్టకండి, గేర్లు అడ్డమొస్తాయి. ఎడమ పక్క పైకి వచ్చేలా పడుకోబెట్టి, టైరుని ఆ పక్కే లివర్లతో పైకి లేపి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, బుసబుసమనే చోటు వెతకండి. నీళ్ల సీసా వంచి తడిపితే బుడగ కనిపిస్తుంది. అక్కడే గీకి, సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి ప్యాచ్ వెయ్యాలి. అయిపోయిందని టైరు ఎక్కించేయకండి. టైరు లోపల వేలితో మెల్లగా తడిమి ముల్లు మొన ఇంకా ఉందేమో చూడాలి. ఉంటే మళ్లీ పది నిమిషాల్లో గాలి దిగుతుంది.

చక్రం ఊడదీయక తప్పకపోతే మూడు సంగతులు గుర్తుంచుకోండి. ముందు స్విచ్ ఆపి బ్యాటరీ తీసేయండి. మోటారు వైరు కనెక్టర్ని మెలితిప్పకుండా నేరుగా లాగండి, దాని మీద బాణం గుర్తులుంటాయి, బిగించేటప్పుడు అవి ఎదురెదురు కలవాలి. ఇరుసు నట్టు కింద ఉండే కొక్కెం వాషరు ఏ వైపుకి ఎలా ఉందో విప్పేముందే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మోటారు తిరిగినప్పుడు ఇరుసు ఫ్రేములో తిరిగిపోకుండా పట్టి ఉంచేది ఆ వాషరే. సైకిల్ని తలకిందులుగా నిలబెట్టడం అలవాటున్నవాళ్లు మానుకోవాలి, డిస్‌ప్లే పగులుతుంది.

మేం ఇచ్చే సైకిళ్ల ట్యూబుల్లో సీలెంట్ పోసి ఉంటుంది కాబట్టి చిన్న ముళ్లకి గాలి దిగదు. సొంత సైకిల్ తెచ్చేవాళ్లు కూడా పోయించుకుని రండి.

గుంపులో పోయేటప్పుడు ఎలక్ట్రిక్ సైకిల్‌వాళ్లకి వేరే నియమాలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. ముందుండే గైడుని దాటకూడదు. గుంపు వేగం పదిహేను, పదహారు మధ్య ఉంటుంది, ఎవరి కింద ఏ సైకిల్ ఉన్నా అదే. ముందున్న సైకిల్‌కి రెండు సైకిళ్ల దూరం ఉంచండి, మోటారు అనుకోకుండా తోసినా తగలదు. ఊళ్లలోకి రాగానే అసిస్ట్ తగ్గించి, బ్రేకు మీద వేళ్లుంచి పోవాలి. బ్రేకు నొక్కగానే మోటారు ఆగిపోయే ఏర్పాటు చాలా సైకిళ్లలో ఉంటుంది, మీదాంట్లో ఉందో లేదో మొదటిరోజే చూపిస్తాం.

పక్కనున్న మామూలు సైకిల్ మనిషి ఎత్తు మీద రొప్పుతుంటే, కబుర్లు చెబుతూ దాటిపోకండి. ఆయన పక్కనే నడపండి, లేదా ఆయన ముందు నడిపి ఎదురుగాలి ఆయనకి తగలకుండా కాచిపెట్టండి. ఎలక్ట్రిక్ సైకిల్ మనిషి ఎదురుగాలిలో ముందుండి గుంపుని లాక్కెళ్లడం మాకు బాగా నచ్చే దృశ్యం. గైడు పిలిచి అడిగితే కాదనకండి.

హైవే మీద పోవాలా?

వీలైనంతవరకు పోం. మూసి, పాలేరు, మన్నేరు లాంటి ఏర్లు దాటాల్సిన చోట వంతెన కోసం కొంతదూరం హైవే ఎక్కక తప్పదు. అప్పుడు ఒకరి వెనక ఒకరు, ఎడమ అంచున. మా బండి వెనక లైట్లు వేసుకుని వస్తుంది.

పల్లె రోడ్ల మీద వేరే జాగ్రత్త కావాలి. జనవరి, ఫిబ్రవరిలో కంది కట్టె నూర్చడానికి రోడ్డు మీద పరుస్తారు. ఆ పుల్లలు గేర్లలో చుట్టుకుంటే, గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే కొక్కెం వంగిపోతుంది, మోటారు తోస్తూనే ఉంటుంది కాబట్టి మామూలు సైకిల్ కంటే ఎక్కువ డ్యామేజీ. పరిచి ఉన్నచోట దిగి నడిపించండి. రైతు పంట అది, దాని మీదుగా తొక్కడం మర్యాద కూడా కాదు.

ఉదయగిరి, భైరవకోన, కంభం చెరువు వైపు ఎప్పుడు తీసుకెళ్తారు?

అది పడమటి టూర్, వేరుగా నడుపుతాం. ఎలక్ట్రిక్ సైకిల్ అసలు విలువ తెలిసేది అక్కడే. వెలిగొండల పక్కనుంచి దారి పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది, ఊరికీ ఊరికీ దూరం ఎక్కువ, ప్లగ్గు దొరికే చోట్లు తక్కువ. అక్కడికి రెండు బ్యాటరీలు లేకుండా ఎవర్నీ తీసుకెళ్లం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం మీదికి సైకిల్ పోదు, కింద పెట్టి నడిచి ఎక్కాలి. భైరవకోనలో కొండని తొలిచిన ఎనిమిది శివాలయాలు, వాటి పక్కన జలపాతం చూసి, చీకటి పడకముందే అడవి దాటి రావాలి. గుండ్లకమ్మకి అడ్డంగా కట్టిన కంభం చెరువు కట్ట మీద తెల్లవారుజామున నిలబడితే, ఆవలి ఒడ్డు ఎక్కడుందో వెతుక్కోవాలి. అంత పెద్దది. తీరం టూర్ ఒకసారి చేసినవాళ్లకే అటు పేరు రాసుకుంటాం.

నా సొంత ఎలక్ట్రిక్ సైకిల్ తేవాలా, మీ దగ్గర తీసుకోవాలా?

హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకైతే మా దగ్గర తీసుకోమనే చెప్తాం. విమానంలో ప్రయాణికులు 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని చేతి సంచిలోనూ, లగేజీలోనూ తేకూడదు. సైకిల్ బ్యాటరీలు దాదాపు అన్నీ దానికంటే పెద్దవే. రైల్లో వేసేముందు మీ స్టేషన్ పార్సిల్ ఆఫీసులోనే అడిగి తెలుసుకోండి. కారు వెనక స్టాండుకి కట్టి తెచ్చేవాళ్లు బ్యాటరీ తీసి కారులోపల పెట్టుకోండి, స్టాండు మోసే బరువు కూడా చూసుకోండి. ఎండలో ఆపిన కారులో బ్యాటరీ వదిలెయ్యకండి. ఒంగోలు, నెల్లూరు, కావలి చుట్టుపక్కలవాళ్లు మాత్రం అలవాటైన సొంత సైకిలే తెచ్చుకోవడం మేలు.

పిల్లలు?

పద్నాలుగేళ్లు నిండి, తల్లిదండ్రుల్లో ఒకరు వెంట ఉంటే రావచ్చు.

తిండి ఎలా?

పొద్దున ఇడ్లీ, దోసె. మధ్యాహ్నం తీరం ఊళ్లలో చేపల పులుసు అన్నం, శాకాహారులకి పప్పు, పచ్చడి, పెరుగు. పడమటి వైపు సంగటి దొరుకుతుంది. నెల్లూరులో చేపల పులుసు తిన్న వెంటనే సైకిలెక్కడం కష్టం కాబట్టి ఆ మధ్యాహ్నం రెండు గంటల విశ్రాంతి పెట్టాం, చార్జింగ్‌కీ అది కలిసొస్తుంది.

పేరు ఇచ్చేటప్పుడు ఏమేం చెప్పాలి?

మీ ఎత్తు, బరువు (సైకిల్ సైజు, బ్యాటరీ లెక్క రెండూ దాన్నిబట్టే), వాడుతున్న మందులు, ఈమధ్య ఒకేరోజు తొక్కిన అత్యధిక దూరం. సొంత సైకిల్ అయితే బ్యాటరీ మీదున్న వోల్టులు, ఏహెచ్ కనిపించేలా ఒక ఫొటో, చార్జరు వెనక ఉన్న అక్షరాలు కనిపించేలా ఇంకో ఫొటో పంపండి. బ్యాటరీ ఎప్పుడు కొన్నారో కూడా రాయండి. మూడు నాలుగేళ్లు వాడినదైతే కొత్తలో వచ్చిన దూరం రాదు, మీ రోజువారీ దూరం దానికి తగ్గట్టు సర్ది, స్పేర్ అవసరమా కాదా అన్నది బయల్దేరడానికి వారం ముందే ఫోన్ చేసి చెప్తాం.